నాన్న కంప్యూటర్ ఎందుకు పోయిందో నాకు తెలుసు, చెప్పలేకపోతున్నా

ఈ వారం ఉత్తరం ఆరు పేజీలుంది, చేత్తో రాసి ఫొటోలు తీసి పంపారు. పేరూ ఏరియా వద్దన్నారు, హైదరాబాద్ అని మాత్రం రాయొచ్చన్నారు. మొత్తం వేస్తే చోటు చాలదు కాబట్టి విషయం నా మాటల్లో చెప్తాను.

వాళ్ళ నాన్నగారికి డెబ్భై నాలుగేళ్ళు. 1998 నుంచి 2012 దాకా సిటీలో డీటీపీ సెంటర్ నడిపారు. శుభలేఖలు, పాంప్లెట్లు, బిల్లు బుక్కులు, దశదిన కర్మ కార్డులు, అన్నీ ఒకటే కంప్యూటర్ మీద. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో అసెంబుల్ చేయించిన పెంటియం ఎంఎంఎక్స్, 32 ఎంబీ ర్యామ్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, విండోస్ 98, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ 6.5, తెలుగు అక్షరాలకి అను ఫాంట్లు. షాపు మూసేశాక మిగతావన్నీ అమ్మేసినా దీన్ని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ప్రతి దసరాకి ఆయుధపూజ రోజు దుమ్ము దులిపి, బొట్టు పెట్టి, పువ్వు పెట్టి ఒకసారి ఆన్ చేసి కాసేపు చూసుకుని ఆపేస్తారట. ఆపేటప్పుడు స్క్రీన్ మీద ఆరెంజ్ అక్షరాల్లో "ఇట్స్ నౌ సేఫ్ టు టర్న్ ఆఫ్ యువర్ కంప్యూటర్" అని వస్తుంది కదా, అది పైకి చదివి అప్పుడు స్విచ్ నొక్కుతారట, మనవడికి అది చాలా ఇష్టం.

ఆ డిస్క్‌లో అమ్మగారి మంగళహారతి పాటలున్నాయి, అరవై దాకా. 2003లో ఆవిడ పక్కన కూర్చుని పాడుతుంటే ఈయన టైప్ చేశారు. అచ్చేయిద్దాం అనుకుంటూనే రోజులు గడిచిపోయాయి, నాలుగేళ్ళ కింద ఆవిడ పోయారు. ఒకే ఒక్క ప్రింటవుట్ ఉండేది, అందులో సగం గోడ చెమ్మకి పాడైంది.

ఈ దసరాకి నాన్నగారు స్విచ్ నొక్కగానే టప్‌మని పెద్ద సౌండు, కాలిన వాసన, ఎంసీబీ పడిపోయింది. అప్పట్నించి ఆయన మాట తగ్గించేశారు, "నా చేత్తో నేనే దాన్ని చంపుకున్నా" అని రెండుసార్లు అన్నారట. బెంగళూరులో ఉన్న అన్నయ్య వీడియో కాల్‌లో "పాతికేళ్ళ డబ్బా నాన్నా అది, కబాడీకి వేసెయ్యండి, మంచి ల్యాప్‌టాప్ కొనిస్తా" అన్నాడు, దాంతో ఆయన ఇంకా ముడుచుకుపోయారు. వీధి చివర షాపతను వచ్చి మూత కూడా తియ్యకుండా బోర్డు పోయింది మేడం, దీనికి పార్ట్‌లు రావు, కావాలంటే తెచ్చి షాపులో వదిలేసి వెళ్ళండి చూస్తా అన్నాడు.

అసలు విషయం ఐదో పేజీలో ఉంది. పండగ అయిన రెండో రోజు రాత్రి, ఉత్తరం రాసినావిడ పదేళ్ళ కొడుకు ఏడుస్తూ వచ్చి చెప్పాడు, దులిపేటప్పుడు వెనకాల ఎర్రగా ఒక చిన్న స్విచ్ కనిపిస్తే జరిపి చూశానమ్మా అని. ఆవిడ వెళ్ళి చూస్తే అది 115 మీద ఉంది, మన ఇళ్ళల్లో వచ్చేదేమో 230 వోల్టులు. "నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదండీ, వెంటనే దాన్ని 230కి జరిపేశాను, తాతయ్యకి చెప్పకు అని వాడితో ఒట్టు వేయించుకున్నాను, ఇప్పుడు వాడు తాతయ్య గదిలోకే వెళ్ళట్లేదు" అని రాశారు. ఇది బాగవుతుందా, బాగు చేయించడం అవసరమా, నాన్నకి చెప్పాలా వద్దా అని మూడు అడిగారు.

అమ్మా, ముందు రెండు పనులు. ఆ కంప్యూటర్‌ని మళ్ళీ ప్లగ్గులో పెట్టి చూడొద్దు, ఒక్కసారి కూడా, ఎవరు అడిగినా. అలాగే ఆ షాపతని దగ్గర వదిలేసి రావొద్దు. అతను చెడ్డవాడని కాదు, మూత తియ్యకుండానే బోర్డు పోయిందన్న మనిషికి దాంతో పనిలేదు, రేపు పార్ట్‌ల కింద విడిపోతే హార్డ్ డిస్క్ ఎక్కడికి పోయిందో ఎవరూ చెప్పలేరు.

ఇంక మీ ఉత్తరం చదువుతుంటే నాకు బాధ కన్నా ముందు కొంచెం ఊరట కలిగింది, ఎందుకంటే మీరు దాచిన విషయమే ఈ మొత్తం కథలో మంచి వార్త. ఎస్ఎంపీఎస్ అంటే గోడలోంచి వచ్చే కరెంటుని కంప్యూటర్‌కి కావలసిన చిన్న వోల్టులుగా మార్చే పెట్టె. పాతవైపోయి పోయిన ఎస్ఎంపీఎస్‌లు వేరుగా పోతాయి. కెపాసిటర్లు ఎండిపోయి వోల్టేజీ అటూ ఇటూ అయ్యి, మిషన్ రీస్టార్ట్ అవుతూ, ఒక్కోసారి బోర్డుని కూడా తీసుకుపోతాయి. 115 మీద పెట్టి మన 230 కరెంటు ఇచ్చినప్పుడు జరిగేది అది కాదు. ఆ పెట్టెలో కరెంటు వచ్చే వైపు రెండు పెద్ద కెపాసిటర్లుంటాయి, మామూలుగా 200 వోల్టులవి. స్విచ్ 230 మీద ఉంటే ఆ రెండూ కలిపి 325 వోల్టుల దాకా పంచుకుంటాయి, ఒక్కోదానికి నూట అరవై చిల్లర. అదే 115 మీద ఉంటే ఒక్కోదాని మీదా మొత్తం 325 పడుతుంది, తట్టుకోలేవు. కెపాసిటరో, దాని పక్కన కాపలాగా ఉండే వేరిస్టరో పేలిపోయి, ఫ్యూజు కొట్టేస్తుంది. మీరు విన్న టప్ అదే, వాసన అదే, ఎంసీబీ పడింది అందుకే. ఇదంతా క్షణంలో, కరెంటు వచ్చే వైపే అయిపోతుంది. బోర్డుకి వెళ్ళే 5 వోల్టులు, 12 వోల్టులు ట్రాన్స్‌ఫార్మర్‌కి అవతల ఉంటాయి, అవి పెరిగే లోపే ఇవతల అంతా తెగిపోతుంది. అందుకే ఇలాంటి కేసుల్లో చాలాసార్లు మదర్ బోర్డు, డిస్క్ బాగానే బయటపడతాయి. పడ్డాయని నేను ఇక్కడ కూర్చుని ఒట్టు వెయ్యలేను, కానీ ఆశ పెట్టుకోవడానికి గట్టి కారణమే ఉంది.

ఇప్పుడు మీరు స్విచ్ వెనక్కి జరిపేసిన సంగతి. మిమ్మల్ని తప్పుపట్టడానికి కాదు, ఆ క్షణంలో ఏ తల్లైనా అదే చేస్తుంది. కానీ రేపు బాగుచేసే మనిషి వచ్చి చూస్తే 230 కనిపిస్తుంది, అహా, వయసైపోయి పోయింది కాబోలు అనుకుంటాడు, అనుకుని లోపల అన్ని కెపాసిటర్లూ మార్చాలంటాడు, బోర్డు మీద అనుమానం పెంచుకుంటాడు, వెతకాల్సిన చోటు వదిలేసి వేరేచోట వెతుకుతాడు. నేను పార్క్‌లేన్‌లో ఒక చిన్న షాపులో ఏడేళ్ళు పనిచేశాను, 2001లో ఒక కుర్రాడి కంప్యూటర్‌కి పవర్ కనెక్టర్లు రెండూ తారుమారు చేసి పెట్టి బోర్డు కాల్చేశాను. రెండు రోజులు చెప్పలేదు. ఆ రెండు రోజులూ మా సీనియర్ నమ్మకంగా ర్యామ్ మారుస్తూ, డిస్‌ప్లే కార్డు మారుస్తూ కూర్చున్నాడు, నేను పక్కనే నిలబడి స్క్రూలు అందిస్తున్నా. ఆ రెండు రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. కాబట్టి నాన్నకి చెప్పడం చెప్పకపోవడం తర్వాత మాట్లాడుకుందాం, బాగుచేసే మనిషికి మాత్రం మొదటి మాటే "స్విచ్ 115 మీద ఉండగా ఆన్ అయ్యింది" అని చెప్పండి.

నా లెక్కలో పాటలు ముందు, కంప్యూటర్ తర్వాత. ఈ రెండూ ఒకటే అనుకుని మీరు భయపడుతున్నారు, రెండూ వేరు. పాటలు డిస్క్‌లో ఉన్నాయి, ఎస్ఎంపీఎస్ బాగయ్యేదాకా వాటి కోసం ఆగక్కర్లేదు. అది ఐడీఈ డిస్క్, నలభై పిన్నుల పాత రకం. ఐడీఈ టు యూఎస్‌బీ కన్వర్టర్ దొరుకుతుంది, సొంత పవర్ అడాప్టర్ ఉన్నదే తీసుకోండి, ఎందుకంటే ఈ డిస్క్‌కి 12 వోల్టులు కూడా కావాలి, యూఎస్‌బీ నుంచి అది రాదు. విండోస్ 98 డిస్క్‌ని ఇప్పటి విండోస్ నేరుగా చదువుతుంది. కాకపోతే మీరే ఇంట్లో పెట్టి ఫోల్డర్లు తెరిచి చూసుకుంటూ కూర్చోవద్దు. ఏడాదికోసారి తిరిగిన డిస్క్ అది, తిరిగిన ఆ కాసేపట్లోనే మొత్తం డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఒక ఇమేజ్ ఫైల్‌గా తీసేసుకోవాలి, 4.3 జీబీ ఈ రోజుల్లో పెన్‌డ్రైవ్‌లో మూలకి సరిపోతుంది. ఆ తర్వాత చూసుకోవడం వెతుక్కోవడం అంతా కాపీ మీద. డిస్క్ తిరిగేటప్పుడు టక్ టక్ మని ఒకటే చప్పుడు వస్తుంటే మాత్రం ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళండి, దాంతో పంతానికి పోతే ఉన్నదీ పోతుంది.

పాటల ఫైలు ఒక్కటి కాపీ చేసుకుని సంబరపడొద్దు. పేజ్‌మేకర్ 6.5 ఫైళ్ళ చివర పీ65 అని ఉంటుంది. అది తెరవాలంటే పేజ్‌మేకర్ ఉండాలి లేదా సీఎస్6 దాకా వచ్చిన పాత ఇన్‌డిజైన్ ఉండాలి, కొత్తవి తెరవవు. తెరిచినా అను ఫాంట్లు లేకపోతే తెలుగుకి బదులు ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి, అప్పుడు అయ్యో ఫైలు పాడైంది అనుకుంటారు, పాడవదు. అప్పట్లో తెలుగుని, ఇప్పుడు ఫోన్లలో వాడే యూనికోడ్‌లో టైప్ చేసేవాళ్ళం కాదు, ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చిన ఫాంట్లవి. అందుకే విండోస్ ఫోల్డర్‌లో ఉన్న ఫాంట్స్ ఫోల్డర్ మొత్తం కూడా తెచ్చుకోవాలి, ఇమేజ్ తీస్తే అదీ వచ్చేస్తుంది. తర్వాత ఆ టెక్స్ట్‌ని యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లున్నాయి, కొన్ని ఒత్తులు తప్పు పడతాయి, దిద్దుకోవాలి. దిద్దడానికి మీ నాన్నగారి కన్నా మంచి ప్రూఫ్ రీడర్ మీకు ఎక్కడ దొరుకుతారు, పాట తెలిసిన మనిషి ఆయనే. ఇంకోటి, కంప్యూటర్ వెనకాల ప్రింటర్ పోర్టుకి అగ్గిపెట్టంత ముక్క ఏదన్నా తగిలించి ఉందేమో చూడండి, అప్పటి కొన్ని తెలుగు సాఫ్ట్‌వేర్లకి అలా హార్డ్‌వేర్ లాక్ ఉండేది, పనికిరానిదనుకుని పారెయ్యొద్దు.

ఇప్పుడు మిషన్. మీరు తెలియకుండానే నాకు ఒక ముఖ్యమైన సంగతి రాశారు, ఆ ఆరెంజ్ అక్షరాలు. ఏటీ అనే పాత నమూనా తర్వాత వచ్చిన ఏటీఎక్స్ నమూనా కంప్యూటర్లు షట్ డౌన్ కొడితే వాటంతట అవే ఆగిపోతాయి. మీది ఆ మెసేజ్ చూపించి మనిషి స్విచ్ నొక్కేదాకా ఆగుతోందంటే దాదాపు ఖాయంగా ఏటీ రకం ఎస్ఎంపీఎస్. ఇంటెల్ ఏటీఎక్స్‌ని 1995లోనే తెచ్చినా ఇక్కడ అసెంబుల్డ్ మిషన్లలో ఏటీ చాన్నాళ్ళు నడిచింది. ఇది ఎందుకు ముఖ్యమంటే ఇవాళ షాపుకెళ్ళి ఎస్ఎంపీఎస్ ఇవ్వండి అంటే ఇచ్చేది మీ బోర్డుకి తగలదు. దానికి 24 పిన్నుల ఒకటే కనెక్టర్, మీ బోర్డుకి ఆరేసి పిన్నులవి రెండు, పీ8, పీ9 అంటారు. ఇంకో తేడా, ఏటీలో ముందు బటన్‌కి వెళ్ళే నాలుగు వైర్లలో ఉండేది నేరుగా గోడలోంచి వచ్చే 230 వోల్టులు. విప్పే ముందు ఏ రంగు వైరు ఎక్కడుందో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీయించండి, అక్కడ తప్పు కలిపితే స్విచ్ నొక్కగానే షార్ట్.

బాగు చేయించాలనుకుంటే దారులు ఇవీ. ఒకటి, ఉన్న ఎస్ఎంపీఎస్‌నే రిపేర్ చేయించడం. కోఠీ గుజరాతీ గల్లీలో విడి పార్టులు దొరుకుతాయి, పాత టీవీలు బాగుచేసిన చేతులు ఇంకా సిటీలో ఉన్నాయి, వాళ్ళకి ఇది తెలియని పనేం కాదు. ఫ్యూజు, వేరిస్టర్, రెండు పెద్ద కెపాసిటర్లు, ఒక్కోసారి డయోడ్లు, స్విచింగ్ ట్రాన్సిస్టర్లు. అన్నీ కొత్తవేస్తూ పనిలో పనిగా అవతల వైపు ఎండిన చిన్న కెపాసిటర్లు కూడా మార్పించండి. దీంతో లాభం ఏంటంటే మిషన్ ఉన్నదున్నట్టు ఉంటుంది, అదే బటన్, అదే ఆరెంజ్ అక్షరాలు. నష్టం ఏంటంటే చేసే చెయ్యి మంచిది కావాలి. ఫ్యూజు ఒక్కటి మార్చి ప్లగ్గు పెడదాం అనేవాడైతే నమస్కారం పెట్టి వచ్చెయ్యండి, అది మళ్ళీ పేలుతుంది. మంచి మెకానిక్ అయితే మొదటిసారి సిరీస్ బల్బు బోర్డు మీదే, అంటే కరెంటు ఒక బల్బు గుండా వచ్చేలా కట్టినదాని మీదే పెడతాడు. బల్బు ఒక్కసారి వెలిగి తగ్గిపోతే సరే, ధగధగా వెలుగుతూనే ఉంటే లోపల ఇంకా షార్ట్ ఉన్నట్టు. ఆ పెట్టెని మాత్రం మీరు గానీ నాన్నగారు గానీ ఇంట్లో విప్పొద్దు, ప్లగ్గు పీకినా ఆ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు.

రెండోది పాత ఏటీ ఎస్ఎంపీఎస్ వెతుక్కోవడం. పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో పాత స్టాకు పెట్టుకున్న షాపుల్లో అడగండి, ఆదివారం ఎర్రగడ్డ సంతలో కూడా ఒక్కోసారి కనిపిస్తాయి. దొరికితే పని సులువు. కానీ సీలు తియ్యని డబ్బా అయినా అది ఇరవై ఏళ్ళు గూట్లో కూర్చున్నదే, కెపాసిటర్లకి వాడినా వాడకపోయినా వయసొస్తుంది. తేగానే బోర్డుకి తగిలించకుండా పనికిరాని పాత హార్డ్ డిస్క్ లాంటిది లోడుగా పెట్టి మీటరుతో చూడాలి. ఎర్ర వైరు మీద 4.75 నుంచి 5.25 మధ్య, పసుపు మీద 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. లోడు లేకుండా చూస్తే ఈ పాతవి సరిగ్గా చూపించవు, అది చూసి బాగున్నదాన్ని పారేసిన వాళ్ళని చూశాను.

మూడోది కొత్త ఏటీఎక్స్ కొని, దాన్ని పీ8, పీ9కి మార్చే కన్వర్టర్ కేబుల్ వెయ్యడం. అంతకన్నా ముందు బోర్డు మీద తెల్లటి 20 పిన్నుల సాకెట్ కూడా ఉందేమో చూడమనండి. 1998 ప్రాంతంలో రెండు రకాలూ తగిలే బోర్డులు చాలా వచ్చాయి, అది ఉంటే కేబుల్ గొడవే లేదు. మీ మిషన్ మానిటర్ కాకుండా వంద వాట్లు కూడా తినదు కాబట్టి పెద్ద వాట్లున్నది అక్కర్లేదు, లేబుల్ మీద 5 వోల్టుల దగ్గర ఎన్ని ఆంప్స్ రాసుందో చూడండి చాలు, ఇరవై దాకా ఉంటే బ్రహ్మాండం, పాత మిషన్లు 5 వోల్టుల మీదే బతుకుతాయి. కొత్త ఎస్ఎంపీఎస్‌లలో మైనస్ 5 వోల్టులు ఉండవు, కొన్ని పాత ఐఎస్ఏ సౌండ్ కార్డులకి తప్ప అది ఎవరికీ అక్కర్లేదు, పేజ్‌మేకర్‌కి అసలు సంబంధం లేదు. ఇది నమ్మకమైన దారి, త్వరగా అయ్యే దారి. కాకపోతే ముందు బటన్ వైరింగ్ మారుతుంది, ఆకుపచ్చ వైరునీ నల్ల వైరునీ ఆ బటన్‌తో కలిపేట్టు చెయ్యాలి. మానిటర్ ప్లగ్గు ఇప్పుడు ఎస్ఎంపీఎస్ వెనకాలే పెడుతున్నారేమో, కొత్తదానికి ఆ సాకెట్ ఉండదు, విడిగా పెట్టాలి. క్యాబినెట్‌లో స్క్రూ రంధ్రాలు కలవకపోతే కొంచెం రేకు పని. మీ నాన్నగారికి ఇవన్నీ ముఖ్యమో కాదో ఆయన్నే అడగాలి, కొందరికి మిషన్ నడిస్తే చాలు, కొందరికి అదే బటన్ కావాలి.

ఏ దారైనా ఒక్కటి మర్చిపోవద్దు, పీ8, పీ9 పెట్టేటప్పుడు రెండిట్లోని నల్ల వైర్లూ మధ్యలో పక్కపక్కనే రావాలి. నల్లపక్కన నల్ల. అటూ ఇటూ అయితే ఏమవుతుందో పైన నా సంగతి రాశాను. మొదటిసారి బోర్డు, ర్యామ్, డిస్‌ప్లే కార్డు మాత్రమే పెట్టి చూడాలి, అసలు హార్డ్ డిస్క్‌ని అన్నిటికన్నా చివర్న.

అసలు బాగు చేయించకుండా డిస్క్ తీసి దాచుకుని మిగతాది పంపించెయ్యడం కూడా ఒక దారే, మీ అన్నయ్య అన్నది పూర్తిగా తప్పని నేననను. ఆ డిస్క్ ఇమేజ్‌ని పాత కంప్యూటర్‌లా నటించే 86బాక్స్ లాంటి ఎమ్యులేటర్‌లో పెడితే, కాస్త ఓపిక పట్టి సెట్ చేసుకుంటే అదే విండోస్ 98, అదే డెస్క్‌టాప్ ల్యాప్‌టాప్‌లోనే కనిపిస్తుంది. పాటలకి అది చాలు. నాన్నగారికి చాలుతుందా అంటే, పద్నాలుగేళ్ళు ఇల్లు నడిపిన మిషన్‌కి ఏటా బొట్టు పెడుతున్న మనిషి గురించి అడుగుతున్నారు, ఆ జవాబు నాకన్నా మీకే తెలుసు. అన్నయ్యతో గొడవ పెట్టుకోవద్దు, కన్వర్టర్ ఖర్చు, రిపేర్ ఖర్చు నువ్వు పెట్టుకో అని అడిగి చూడండి, దూరంగా ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలో తెలియక కొత్తది కొనిస్తా అంటారు, పని చెప్తే చేస్తారు.

ఇంక మూడో ప్రశ్న. చెప్పకుండా ఉండిపోవచ్చు. మెకానిక్‌కి ఒక్కడికే చెవిలో చెప్పి, బాగయ్యాక ఏదో పాతబడి పోయింది నాన్నా అనేయొచ్చు. ఇందులో చిక్కేంటంటే మీ నాన్నగారు దాన్ని ఒంటరిగా పంపే రకంలా లేరు, పక్కనే కూర్చుంటారు, ఆ పేలిన కెపాసిటర్లు చూడగానే మెకానిక్ నోట్లోంచి "ఎవరో 115 మీద పెట్టారు సార్" అని వచ్చేస్తుంది. అప్పుడు మూడో మనిషి ముందు తెలుస్తుంది ఆయనకి. అలా రాకపోయినా, నా చేత్తోనే పోయింది అన్న మాట ఆయన మనసులో అలాగే ఉంటుంది, వచ్చే దసరాకి బటన్ నొక్కడానికి ఆ చెయ్యి లేస్తుందో లేదో. బాబు ఆ గదిలోకి వెళ్ళడం మానేశాడని మీరే రాశారు, తాతయ్యేమో వీడు ఎందుకు రావట్లేదు, ఆ డబ్బా పోయాక నా దగ్గర ఆడుకోవడానికి ఏముందిలే అనుకుంటూ ఉండొచ్చు. ఇద్దరూ ఒకే ఇంట్లో వేరువేరుగా బాధపడుతున్నారు, ఆ మధ్యలో ఉన్నది మీరు పెట్టించిన ఒట్టు.

బాబు చేతే చెప్పించొచ్చు. వాడి బరువు దిగుతుంది, కానీ పదేళ్ళ పిల్లాడు, ఆయన ఒక్క క్షణం మొహం తిప్పుకున్నా వాడికి చాన్నాళ్ళు గుర్తుండిపోతుంది. అమ్మ వద్దన్న మాట అమ్మే చెప్పమంటే ఒట్టు సంగతేంటో కూడా వాడికి అర్థం కాదు.

నాకైతే మీరు ముందు ఒక్కరే వెళ్ళి చెప్పడం నయమనిపిస్తుంది, అది కూడా బాబు దగ్గర మొదలుపెట్టకుండా మీ దగ్గర మొదలుపెట్టి. నాన్నా, నాకు రెండు వారాలుగా తెలుసు, నేనే స్విచ్ వెనక్కి జరిపాను, నేనే వాణ్ణి చెప్పొద్దన్నాను, అని. ఆయన కోప్పడొచ్చు, కోపం పిల్లాడి మీద కన్నా మీ మీద పడటం మేలు, మీరు తట్టుకుంటారు. వెంటనే పైన నేను రాసిందంతా చెప్పండి, ఆయన చేతిలో తప్పేం లేదని, ఆయన నొక్కినా మీరు నొక్కినా అదే జరిగేదని, బోర్డు బతికే ఉండొచ్చని. పద్నాలుగేళ్ళు ఆ మిషన్‌తో ఉన్న మనిషి, 115 అనగానే మీరు పూర్తి చేసే లోపే ఆయనకే అర్థమైపోతుంది. ఒక్క జాగ్రత్త, పాటల కాపీ చేతికొచ్చాక చెప్పాలా, ముందే చెప్పాలా అని ఆలోచించుకోండి. కాపీ తీశాక చెప్తే ఆయనకి భయం ఉండదు, నిజమే, కానీ ఆయనకి తెలియకుండా ఆ డిస్క్‌ని విప్పి బయటికి తీసుకెళ్ళాలి, ఒక దాపరికం మీద ఇంకోటి. నేనైతే ముందే చెప్పి, ఆ డిస్క్ ఆయన చేతే విప్పిస్తాను. ఎంసీబీ ఆపి, ప్లగ్గు పీకేసి ఒక పూటయ్యాక డిస్క్ విప్పితే ప్రమాదం లేదు, ఎస్ఎంపీఎస్ పెట్టె మూత తియ్యనంతవరకూ.

బాబుతో "నువ్వేం చెయ్యలేదు నాన్నా" అనొద్దు, చేశాడు, వాడికి తెలుసు. ఆ ఒట్టు నేను పెట్టించాను, నేనే తీసేస్తున్నా అని చెప్పండి. ఆ నంబర్లు ఏంటో చెప్పండి, కొన్ని దేశాల్లో గోడలోంచి 115 చుట్టుపక్కల వస్తుంది, మనకి 230 వస్తుంది, ఒకే పెట్టెని రెండు చోట్లా అమ్మడానికి ఆ స్విచ్ పెట్టారని. ఆ తర్వాత తాతయ్య దగ్గరికి ఎప్పుడు వెళ్తాడో వాడి ఇష్టానికి వదిలెయ్యండి.

మిషన్ లేచిన రోజు స్క్రీన్ మీద సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అనో, డిస్క్ లేదనో వస్తే ఎవరూ కంగారుపడొద్దు. బోర్డు మీద బ్యాటరీ అయిపోయి ఉంటుంది, అందుకే డిస్క్ వివరాలు మర్చిపోతుంది, బయోస్ అనే సెట్టింగుల స్క్రీన్‌లోకి వెళ్ళి ఐడీఈ హార్డ్ డిస్క్ ఆటో డిటెక్షన్ కొడితే దొరుకుతుంది. బ్యాటరీ పీపాలా గుండ్రంగా ఉండి చుట్టూ పచ్చగా కారి ఉంటే మాత్రం మెకానిక్‌కి చూపించి తీయించెయ్యండి, ఆ కారింది బోర్డు గీతల్ని తినేస్తుంది. ఇంకా, పాతది బాగు చేయించినా, పాత స్టాకు దొరికినా, చవకరకం కొత్తది కొన్నా వెనకాల ఆ ఎర్ర స్విచ్ మళ్ళీ ఉండొచ్చు. ప్లగ్గు పెట్టే ముందు దాని మీద ఏం నంబరుందో బాబుని పైకి చదవమనండి, 230 అంటే దాని మీద ఇన్సులేషన్ టేపు రెండు చుట్లు వేయించండి, అప్పుడు నాన్నగారిని బటన్ నొక్కమనండి.